బొటనవేలు మినహా

మా కంపెనీలో పచ్చడి ఎలా పెడతారో మా ఎండీ గారికి చాలాకాలం తెలియదు. దానివల్ల పచ్చడికి ఏ నష్టమూ జరగలేదు. ఆ సంగతి ఆయనకు హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో జరిగిన సెమినార్‌లో తెలిసింది. పచ్చడి ఎలా పెడతారో తెలిసిందని కాదు. తనకు తెలియదన్న సంగతి తెలిసింది.

తిరిగొచ్చిన మర్నాడే మమ్మల్నందర్నీ షెడ్డులో గోనెపట్టాల మీద కూర్చోబెట్టి, తాను కుర్చీ వేసుకోకుండా నిలబడ్డారు. నిలబడి మాట్లాడాలని కూడా సెమినార్‌లోనే చెప్పారట.

"ఈ క్షణాన మన దగ్గర ఎవరు ఏం చేస్తున్నారో నాకు కనబడటం లేదు" అన్నారు బాధగా.

మామిడికాయలు కొట్టే నూకాలు నా చెవి దగ్గరికి వంగింది. "కళ్లజోడు మార్చుకోమనక్కా. ఎదురుగానే కూకున్నాం గదా."

మాది భ్రమరాంబ గారి పచ్చళ్ళ కంపెనీ. రావులపాలెం దాటాక హైవే పక్కన పెద్ద రేకుల షెడ్డు కనిపిస్తుంది, అదే. భ్రమరాంబ గారు తన వంటింట్లో నాలుగు జాడీలతో మొదలుపెట్టారు. ఆవిడ పోయాక కొడుకు చక్రధర్ గారు ఎండీ అయ్యారు. పనిచేసేవాళ్ళం నలభై మందిమి. నేను చాలా ఏళ్ళు నిమ్మకాయలు కోసి, చూపు తగ్గాక సూపర్‌వైజర్నయ్యాను. నన్ను ఎండీ గారు సుభద్ర గారూ అంటారు, మిగతావాళ్ళు అక్కా అంటారు.

ఆ వారంలోనే నిఖిలేష్ అనే కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో పట్టీ, ఆ పట్టీకి తన ఫొటో. అతను అమ్మేది 'కార్యసిద్ధి' అనే సాఫ్ట్‌వేర్. ఎవరికి ఏ పని అప్పగించారు, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పూర్తయింది, అన్నీ అందులో కనిపిస్తాయి.

"మేం సాఫ్ట్‌వేర్ అమ్మమండి. మీ ఎదుగుదలలో భాగస్వాములుగా ఉంటామండి" అన్నాడు.

"ఉంటే ఎంతవుతుంది?" అన్నారు ఎండీ గారు.

"తలకి నెలకి తొమ్మిది వందలండి. సీటు అంటాం దాన్ని."

ఎండీ గారు మా తలలకేసి చూశారు. మేమంతా ఆయన కళ్ళకు స్పష్టంగా కనబడ్డది నాకు తెలిసి అదే మొదటిసారి. గుణించుకున్నట్టున్నారు, మొహం వాడిపోయింది.

"ఇంత తక్కువలో అయ్యేది ఏమైనా..."

"సింగిల్ యూజర్ ప్లాన్ ఉందండి. ఒకే ఒక్క సీటు. ఒంటరిగా పనిచేసే నిపుణుల కోసం పెట్టాం." నిఖిలేష్ గొంతు తగ్గించాడు. "ఆ యూజర్ వెనకాల ఎంతమంది నిలబడ్డారన్నది మా కంపెనీ చూడదండి."

ఎండీ గారు ఏడాదికి ఒక సీటు కొన్నారు.

ఆ సీటు ఎవరి పేరున ఉండాలన్న ప్రశ్న వచ్చింది. మీ పేరునే పెట్టండని నేనన్నాను. ఆయన జాలిగా చూశారు. "సీటులో ఉన్నవాళ్ళ పనితనాన్ని సిస్టం కొలుస్తుందండీ సుభద్ర గారూ. నాయకుణ్ణి కొలవకూడదు. సెమినార్‌లో స్పష్టంగా చెప్పారు."

అయితే మాలో ఎవరో ఒకరు కావాలి. పాస్‌వర్డ్ అయితే పదిమంది పంచుకుంటారని, కార్యసిద్ధి వాళ్ళు తెలివిగా వేలిముద్ర పెట్టారు. టాబ్లెట్‌కి అంటించిన చిన్న పెట్టె మీద కుడిచేతి బొటనవేలు ఆనించాలి. వరసలో నిలబడ్డాం.

ముందు నూకాలు పెట్టింది. 'వ్యక్తిని గుర్తించలేకపోయాము' అని వచ్చింది.

"సరిగ్గా పెట్టమ్మా" అన్నాడు నిఖిలేష్.

"సరిగ్గానే పెట్టానండి. ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన మా ఆయనే గుర్తుపట్టడు నన్ను. ఇదేం గుర్తుపడద్ది లెండి."

తర్వాత కారం కలిపేవాళ్ళు, ఉప్పులో ఊరేసేవాళ్ళు, చింతకాయలు తొక్కేవాళ్ళు. ఎవర్నీ గుర్తించలేకపోయింది. గుర్తించడానికి మా వేళ్ళ మీద గీతలుండాలి కదా. ఉప్పు, కారం, నిమ్మరసం కలిసి ఏనాడో వాటిని నున్నగా తినేశాయి. రేషన్ షాపులో కూడా నాకు కళ్ళు చూసే బియ్యం ఇస్తారు.

చివర్లో మంగతాయారు మిగిలింది. తాయారు పని జాడీలకు వాసెన కట్టడం. అంటే పచ్చడి నింపిన జాడీ మూతికి ఉతికిన గుడ్డ కప్పి, అంచు చుట్టూ తాడు బిగించడం. ఆమె చెయ్యి పచ్చట్లో పడదు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నూలుగుడ్డలోనే ఉంటుంది. భయపడుతూ వేలు ఆనించింది. పెట్టె పచ్చగా వెలిగింది. 'స్వాగతం, మంగతాయారు!'

"నన్నేటో పిల్చిందండీ" అంది తాయారు కంగారుగా.

ఆ విధంగా భ్రమరాంబ గారి పచ్చళ్ళ కంపెనీలో ఉన్న ఏకైక మనిషి మంగతాయారు అయింది.

*

షెడ్డు గోడకి పెద్ద స్క్రీన్ పెట్టారు. నిమ్మకాయలు కోయడం: మంగతాయారు. మెంతులు వేయించడం: మంగతాయారు. ఆవపిండి పట్టించడం: మంగతాయారు. లారీ ఎక్కించడం: మంగతాయారు. బస్తాలు మోసే హమాలీలు నలుగురూ కూడా తాయారే.

ఏ పని మొదలవ్వాలన్నా తాయారు వచ్చి వేలు వెయ్యాలి. పూర్తయ్యాక మళ్ళీ వచ్చి వెయ్యాలి. వేలు పడందే స్క్రీన్ మీద గళ్ళు పచ్చబడవు, పచ్చబడనిదే గేటు చీటీ రాదు, చీటీ లేనిదే వాచ్‌మన్ లారీని వదలడు. తాయారు టాబ్లెట్ చంకన పెట్టుకుని షెడ్డంతా తిరిగేది. ఇంత తిరుగుడులో ఆమె చెయ్యలేకపోయిన పని ఒక్కటే, వాసెన కట్టడం. అది మేమే తలో చెయ్యీ వేసి కట్టేవాళ్ళం. స్క్రీన్ మీద మాత్రం 'వాసెన: మంగతాయారు' అనే పడేది.

ఆమె బాత్రూముకి వెళ్తే కంపెనీ ఆగిపోయేది.

"తాయారొదినా, ఎల్తే ఇప్పుడే ఎల్లొచ్చెయ్యి. ఇంకో అరగంటలో నూనె కాగుద్ది" అని కేకేసేది నూకాలు.

"ఇందాకేగా ఎల్లొచ్చాను."

"మళ్ళీ ఎల్లు. మాకోసం."

వాసెన కట్టినన్నాళ్ళూ ఎండీ గారికి తాయారు పేరు తెలియదు, 'ఏమ్మా' అనేవారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే కారు దిగగానే ఆమె దగ్గరికే వచ్చేవారు.

"వేలు ఎలా ఉందండీ, మంగతాయారు గారూ?"

"బాగుందండి బాబూ."

"ఏదీ, చూపించండి."

చూసి, తృప్తిగా తల ఊపి, గదిలోకి వెళ్ళేవారు. ఒకరోజు తాయారు జ్వరంతో వణుకుతూ వచ్చింది. ఆ రోజు కూడా వేలు బాగుందనే చెప్పింది. నిజమే, వేలికి జ్వరం లేదు.

వర్షాకాలం మధ్యలో నోటీసు బోర్డు మీద ఒక సర్క్యులర్ వెలిసింది. 'సంస్థ ప్రయోజనాల దృష్ట్యా, శ్రీమతి మంగతాయారు తన కుడిచేతి బొటనవేలితో ఉప్పు, కారం, సున్నం, సబ్బునీరు ముట్టరాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఇంటివద్ద అంట్లు తోముట, బట్టలుతుకుట పూర్తిగా నిషిద్ధం. అతిక్రమించినచో సంస్థ ఆస్తికి నష్టం కలిగించినట్టుగా పరిగణించబడును.' వేలికి రాసుకోవడానికి కొబ్బరినూనె సీసా కూడా ఇచ్చారు.

తాయారు సర్క్యులర్ కాగితం అడిగి తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళింది. ఆమె మొగుడు సూర్రావుకి సైకిల్ షాపుంది. ఆ సాయంత్రం నుంచి అంట్లు అతను తోముతున్నాడు.

"కంపెనీ ఆర్డరంటే నమ్మలేదక్కా. సీలు చూపిత్తే నమ్మాడు" అంది తాయారు. ఎండీ గారి మీద ఆమెకున్న గౌరవమంతా ఆ ఒక్క సర్క్యులర్ వల్ల వచ్చిందే.

*

సంక్రాంతి ఆర్డర్లు వెళ్ళాక నిఖిలేష్ మళ్ళీ వచ్చాడు. ఈసారి మెడలో పట్టీ రంగు మారింది. అతను ఇప్పుడు 'ఉత్పాదకత విశ్లేషకుడు'. ఎండీ గారు డబ్బిచ్చి మరీ పిలిపించుకున్నారు. గోడ మీద ఒక గుండ్రటి బొమ్మ వేసి చూపించాడు. ఎవరి పని ఎంతో రంగు రంగు ముక్కలుగా అందులో కనబడాలట. మాది ముక్కలు లేకుండా దిబ్బరొట్టెలా ఒకటే రంగు.

"సార్, ఇలాంటి రిసోర్సుని నేనెక్కడా చూళ్ళేదండి. ఒకే నిమిషంలో నిమ్మకాయలు కోస్తున్నారు, మెంతులు వేయిస్తున్నారు, లారీ లోడు చేస్తున్నారు. దీన్ని మేం ప్యారలల్ ప్రాసెసింగ్ అంటాం."

ఆ రిసోర్సు గుమ్మం దగ్గర నిలబడి వేలికి కొబ్బరినూనె రాసుకుంటోంది.

"ఇక మిగతా సిబ్బంది." నిఖిలేష్ గొంతు సర్దుకున్నాడు. "వాళ్ళ ఉత్పాదకత సున్నా అండి. ఒక్క పని కూడా వాళ్ళ ఖాతాలో లేదు. మీ స్థానంలో నేనుంటే దీనిమీద సీరియస్‌గా ఆలోచిస్తానండి."

అతను వెళ్ళాక నేను ఎండీ గారి గదిలోకెళ్ళాను. "సార్, ఒక్క సీటు కొన్నది మీరే కదా. ఎవరు ఏం చేస్తున్నారో మీకు తెలుసు కదా."

"నాకు తెలుసండీ సుభద్ర గారూ." ఆయన గొంతులో నిజంగానే సానుభూతి ఉంది. "కానీ నాకు తెలిసింది వేరు, డేటా వేరు. నాకు తెలిసిందాన్ని బ్యాంకు వాళ్ళు నమ్మరు. డేటాని నమ్మి లోను ఇస్తున్నారు. ఇప్పుడు నేను డేటాని కాదంటే ఏం బాగుంటుంది?"

"అయితే మమ్మల్నేం చేస్తారు?"

"నేనేం చేస్తానండీ. ప్రాసెస్ చేస్తుంది."

ఆవకాయకి తొలి మామిడికాయలు దిగేసరికి ప్రాసెస్ మా అందరికీ మెమోలిచ్చింది. నాకు కూడా. నూకాలు చేతులకి పసుపుంది, నన్నే చదవమంది.

"'మీరు గత కొన్ని నెలలుగా సంస్థ ఆవరణలో ఉండి కూడా ఏ విధమైన పని చేసినట్టు ఆధారాలు లభించలేదు. మిమ్మల్ని ఉద్యోగంలో ఎందుకు కొనసాగించవలెనో ఆవకాయ సీజను ముగిసేలోగా సంజాయిషీ ఇవ్వగలరు.'"

"సీజను అయ్యేదాకా ఆగుతారంటనా? మంచోళ్ళే." నూకాలు కత్తిపీట మీద కాయ పెట్టి ఒక్క దెబ్బ వేసింది. "మరి నేను ఏ పనీ చెయ్యకపోతే ఈ కాయలెవరు కొడతన్నారంట?"

"తాయారు."

"తాయారొదినా! నువ్వు కొడతన్నావంట! ప్రతి ముక్కకీ టెంక ఉండేలా కొట్టు, లేపోతే మెత్తబడిపోద్ది!"

తాయారు నవ్వలేదు. ఎవరి మొహంలోకీ చూడలేకపోయింది. "నేనేం చేశానే నూకాలూ. ఏలు పెట్టమన్నారు, పెట్టాను."

"నిన్నెవరన్నారొదినా. మేం పని చెయ్యట్లేదని నువ్వన్నావా? గోడన్నాది."

మా సంజాయిషీలన్నీ కార్యసిద్ధిలోనే దాఖలు చెయ్యాలన్నారు. దాఖలు చెయ్యాలంటే తాయారు వేలు వెయ్యాలి. ఆమె ఓపిగ్గా ఒక్కొక్కటీ వేసింది. సాయంత్రానికి గోడ మీద కొత్త వరుస పడింది. 'సంజాయిషీలు రాయడం: మంగతాయారు. పూర్తయింది.'

*

తాయారు కూతురు నీలవేణి మార్చిలో పుట్టింటికొచ్చింది. ఇది రెండో కానుపు. మొదటిసారి ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. అప్పుడు ఉసిరికాయల సీజను, షెడ్డులో ఊపిరాడని పని. కబురు అందుకుని తాయారు వెళ్ళేసరికి బిడ్డ దక్కలేదు. నీలవేణి ఒక్కర్తే మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆ సంగతి తాయారు నాకొకసారే చెప్పింది, గుడ్డ మడత పెడుతూ, నా వైపు చూడకుండా.

ఈసారి నీలవేణి ముందే చెప్పేసిందట, అమ్మ పక్కనుంటేనే గాని కానుపు గదిలోకెళ్ళనని. డాక్టరమ్మ మే నెల మధ్యలో అంది. అంటే ఆవకాయ మంచి ఊపులో ఉండగా.

తాయారు పది రోజులు సెలవడిగింది.

"తప్పకుండా తీసుకోండి. మన సంస్థ మహిళా పక్షపాతి" అన్నారు ఎండీ గారు. "సిస్టంలో పెట్టండి."

నేను పక్కనుండి పెట్టించాను. తాయారు వేలు వేసింది. సెలవు కోరిక పై అధికారికి వెళ్ళింది. సిస్టంలో ఉన్న మనిషి ఒక్కరే కాబట్టి పై అధికారి కూడా తాయారే. 'మంగతాయారు సెలవు కోరుచున్నారు. మంజూరు చేయుదురా?' అని ఆమెనే అడిగింది.

"చేద్దునా అక్కా?"

"చెయ్యి, పాపం. ఎంత అవసరమో ఏమో."

చేసింది. 'సెలవు కాలంలో మంగతాయారు పనులన్నీ ఖాళీగా ఉన్న సిబ్బందికి అప్పగించబడును' అని వచ్చింది. కాసేపు గిర్రున తిరిగింది. 'ఖాళీగా ఉన్న సిబ్బంది: మంగతాయారు. సెలవులో ఉన్నందున ఆమె ఖాళీగా ఉన్నారు. పనులన్నీ అప్పగించబడినవి.'

ఎండీ గారు నిఖిలేష్‌కి ఫోన్ చేసి, మాక్కూడా వినబడేలా పెట్టారు.

"ఇంకొక్క సీటు ఇవ్వవయ్యా."

"రెండో సీటు తీసుకుంటే టీమ్ ప్లాన్‌లోకి వస్తారండి. కనీసం పాతిక సీట్లు. ఏడాదికి ముందే కట్టాలండి."

"ఇద్దరికి పాతిక సీట్లెందుకు?"

"మిగతా ఇరవై మూడు మీ ఎదుగుదలకండి."

"పోనీ ఈ సీటే ఇంకొకరి పేరుకి మార్చు. నీ దగ్గర ఇంకేదైనా పద్ధతి ఉండదా, కళ్ళతోనో దేనితోనో?"

"కళ్ళు ప్రీమియంలో ఉన్నాయండి. సీటు బదిలీకి రెండే సందర్భాలండి. యూజర్ రాజీనామా చెయ్యడం, లేదా మరణించడం. దేనికైనా ధ్రువపత్రం కావాలండి."

ఎండీ గారు ఆలోచనలో పడ్డారు. రాజీనామా అంటే ఇన్నేళ్ళ సర్వీసుకి గ్రాట్యుటీ ఇవ్వాలి. ఆయన చూపు మెల్లగా తాయారు మీదికి వచ్చి ఆగింది.

"రెండోదానికి నాకు కాస్త టైం కావాలండి బాబూ" అంది తాయారు వినయంగా.

రెండు రోజులు ఆయన తలుపేసుకుని ఆలోచించారు. మూడో రోజున ఆర్డరొచ్చింది. ఇంత స్పష్టమైన ఆర్డరు నా సర్వీసులో చూడలేదు.

'శ్రీమతి మంగతాయారుకు, ఆమె కుడిచేతి బొటనవేలు మినహా, పది దినములు సెలవు మంజూరు చేయడమైనది. సదరు బొటనవేలు యథావిధిగా విధులకు హాజరు కావలెను. ఇందుకుగాను సూపర్‌వైజర్ శ్రీమతి సుభద్ర టాబ్లెట్ సమేతంగా బొటనవేలు ఉన్న చోట అందుబాటులో ఉండవలెను.'

"అంటే నేను ఎల్లొచ్చనే గదా అక్కా?" అంది తాయారు రెండుసార్లు చదివించుకుని.

"నువ్వు వెళ్ళొచ్చు."

"అంతే చాలు. ఏలు సంగతి తర్వాత చూసుకుందాం."

*

నీలవేణికి నొప్పులు మొదలైన రోజూ, కార్యసిద్ధి ఏడాది గడువు ముగిసే రోజూ ఒకటే అయ్యాయి. మధ్యాహ్నం మూడింటిలోగా రెన్యూవల్ చెయ్యాలి. చెయ్యకపోతే ఏడాదిగా చేరిన డేటా అంతా పోతుంది. రెన్యూవల్‌కి యూజర్ వేలు పడాలి, ఎండీ గారి ఫోనుకి వచ్చే ఓటీపీ కొట్టాలి.

పొద్దున్నే ఏరియా ఆస్పత్రికి చేరాం. కానుపు గదిలోకి ఒక్క ఆడమనిషినే రానిస్తారు. తాయారు లోపలికెళ్ళింది. నేను వరండాలో తలుపు పక్కన బెంచీ మీద టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సూర్రావు మెట్ల మీద కూర్చుని ఫ్లాస్కు కడుగుతున్నాడు.

షెడ్డు నుంచి నూకాలు ఫోన్. "అక్కా, కాయలు కడగడం."

నేను తలుపు మీద కొట్టేదాన్ని. తలుపు బెత్తెడు తెరుచుకునేది. ఆ సందులోంచి బొటనవేలు బయటికొచ్చేది. పెట్టె ఆనించేదాన్ని, పచ్చగా వెలిగేది, వేలు లోపలికెళ్ళిపోయేది.

"అక్కా, కాయలు తుడవడం."

మళ్ళీ వేలు.

"అక్కా, కాయలు కొట్టడం."

నాలుగోసారికి సిస్టరమ్మ తల బయట పెట్టింది. "ఏంటమ్మా ఇది? లోపల పిల్ల అరుస్తుంటే బయటినుంచి ఈ తలుపు గోలేంటి?"

"ఆవకాయండి, సిస్టర్ గారూ."

"ఇంకోసారి తలుపు మీద చెయ్యేస్తే ఆవకాయతో సహా గేటు బయటికి పంపిస్తాను."

తలుపు మూసుకుంది. లోపల్నుంచి నీలవేణి కేక వినబడింది. దాని వెనకాలే తాయారు గొంతు. "ఇక్కడే ఉన్నానమ్మా. ఎక్కడికీ ఎల్లను. నా చెయ్యట్టుకో. గట్టిగా అట్టుకో."

టాబ్లెట్ ఎర్రబడింది. 'మంగతాయారు స్పందించడం లేదు. అన్ని విభాగాలూ నిలిచిపోయినవి.'

నూకాలు ఫోన్. ఈసారి వేళాకోళం లేదు గొంతులో. "అక్కా, ముక్కలు కొట్టేశాం, తుడిచేశాం. కారం, ఉప్పు, ఆవపిండి కొలిచి పెట్టాం. కలపడానికి గోడ ఎర్రగా ఉంది. ఆలిస్యమైతే ముక్క నల్లబడిపోద్ది. లారీ కూడా వచ్చేసింది. ఏం చెయ్యమంటావు?"

నేను మూసిన తలుపుకేసి చూశాను. నీలవేణి మొదటి కానుపుకి తాయారు ఆలస్యంగా వెళ్ళిందే, అది గుర్తొచ్చింది.

"కలిపెయ్యండి" అన్నాను.

"సిస్టంలో పడదక్కా."

"జాడీలో పడితే చాల్లే. వాసెన గట్టిగా కట్టమను. వాచ్‌మన్‌కి నేను చెప్తాను." టాబ్లెట్ బోర్లించి బెంచీ మీద పెట్టాను. పొద్దుట్నుంచీ మొదటిసారి నా ఒడి ఖాళీ అయింది.

పన్నెండు దాటాక బిడ్డ ఏడుపు వినబడింది. సూర్రావు ఫ్లాస్కు మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం.

*

మూడింటికి పది నిమిషాలుందనగా ఎండీ గారి కారు ఆస్పత్రి గేట్లోకి వచ్చింది. అప్పటికి బాలింతను వార్డులోకి మార్చారు, చూడ్డానికి వచ్చేవాళ్ళను వదులుతున్నారు. ఎండీ గారు ఒక చేత్తో ఫోనూ, ఒక చేత్తో నా బెంచీ మీది టాబ్లెట్టూ పట్టుకుని వార్డంతా వెతికి, మూల మంచం దగ్గరికొచ్చారు. ఫోన్లో నిఖిలేష్ ఉన్నాడు. "సార్, ఎనిమిది నిమిషాలండి" అంటున్నాడు.

నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. నీలవేణి నిద్రపోతోంది. తాయారు మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పాత చీర గుడ్డలో పసిపిల్ల.

"మంగతాయారు గారూ, శుభాకాంక్షలు. ఒక్కసారి వేలు..."

"ఖాళీ లేదండి బాబూ."

ఆయన వంగి చూశారు. పిల్ల కుడిచేతి గుప్పిట్లో తాయారు బొటనవేలుంది. పట్టుకుని నిద్రపోతోంది. ఎర్రటి గోళ్ళు, ఇంతంత వేళ్ళు, బిగించి పట్టుకుంది.

"మెల్లగా తియ్యండి. ఒక్క సెకను పని."

"లేస్తుందండి."

"ఏడాది డేటా అండీ! బ్యాంకు వాళ్ళకి ఏం చూపించాలి? పోనీ ఎడమచెయ్యి?"

"అది సిస్టంలో లేదు గదండి. తమరికి తెలిసిందే."

"సార్, మూడు నిమిషాలు" అన్నాడు ఫోన్లో నిఖిలేష్.

"మంగతాయారు గారూ! మీ సెలవు ఆర్డరులో స్పష్టంగా ఉంది. బొటనవేలు మినహా!"

"ఉందండి. ఏలు డ్యూటీలోనే ఉందండి బాబూ" అంది తాయారు. గొంతు పెంచలేదు. "పొద్దుట్నుంచీ నా పిల్ల పట్టుకుంది. ఇప్పుడు దాని పిల్ల పట్టుకుంది. క్రితం సారి పట్టుకోడానికి నా పిల్లకి ఏదీ దొరకలేదండి."

ఎండీ గారు నాకేసి చూశారు. నేను గోడ గడియారం కేసి చూశాను. టాబ్లెట్ టింగుమని చిన్న చప్పుడు చేసి నల్లబడింది. తర్వాత తెల్లటి అక్షరాలు వచ్చాయి. 'మీ సంస్థలో ప్రస్తుతం ఎవరూ లేరు. ఇంతవరకు ఏ పనీ జరగలేదు.'

ఏడాది పొడుగునా తాయారు ఒంటిచేత్తో పెట్టిన పచ్చళ్ళూ, మోసిన బస్తాలూ, మా మెమోలూ, వాటికి ఆమె రాసిన సంజాయిషీలూ అన్నీ ఒక్క టింగుతో పోయాయి. అదే సమయానికి నా ఫోన్ మోగింది.

"అక్కా, లారీ ఎల్లిపోయింది" అంది నూకాలు. "తాయారొదిన కూతురికేం పుట్టింది?"

"ఆడపిల్ల."

అవతల షెడ్డులో కేకలు వినబడ్డాయి. ఎవరో జాడీ మూత మీద గరిటెతో మోగించారు.

ఎండీ గారు ఇంకో స్టూలు లాక్కుని కూలబడ్డారు. కాసేపు ఆయన్ను చూస్తే నాకే జాలేసింది. మనిషి మారతాడేమో అని కూడా అనిపించింది. ఫోన్లో నిఖిలేష్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. కొత్త ఖాతా తెరవొచ్చండి, కొత్త సీటుకి మొదటి మూడు నెలలు రాయితీ ఉందండి, ఈసారి గీతలు చెడని వేలు చూసుకుంటే దీర్ఘకాలికంగా లాభమండి.

ఎండీ గారి కళ్ళు మెల్లగా వెలిగాయి. ఆ కళ్ళు పిల్ల రెండో చేతి మీద ఆగాయి. ఆ చెయ్యి గుడ్డలోంచి బయటికొచ్చి గాల్లో వేళ్ళు విప్పుకుంటోంది. ఉప్పు తగలని, కారం తగలని, సబ్బునీళ్ళు కూడా ఇంకా సరిగ్గా తగలని వేళ్ళు.

అప్పుడే మంచం దగ్గరికొచ్చిన సిస్టరమ్మ వైపు తిరిగి, ఆయన ఎంతో గౌరవంగా అడిగారు. "సిస్టర్ గారూ, పిల్లలకి వేలిముద్రలు ఎన్నో నెల నుంచి పడతాయండీ?"

సిస్టరమ్మకి ప్రశ్న అర్థమయ్యేలోపే తాయారు కదిలింది. బొటనవేలు కదలకుండా ఎడమచేత్తో గుడ్డ అంచు లాగి, ఆ చిన్న చేతి మీద కప్పింది. చుట్టూ మడతలు సమానంగా సర్దింది. చీర చెంగు దారాన్ని పళ్ళతో తెంపి, మణికట్టు దగ్గర నొప్పి పుట్టకుండా, ఊడిపోకుండా, గాలి తప్ప ఏదీ దూరకుండా చుట్టి ముడేసింది.

ఏడాది తర్వాత తాయారు కట్టిన మొదటి వాసెన అదే.